నలభై పుల్లలు

మళ్ళీ ఒకటి తెగింది.
నాగోలు వంతెన దిగుతుంటే టంగుమని,
ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టు.
ఆరు నెలల్లో ఇది ఏడోది.
ఒక్కొక్కటే మార్చుకోవడం ఇక చాలనుకున్నాను.

ఈసామియా బజారులో ముర్తజా భాయ్ దుకాణం.
వేలాడే టైర్ల కింద తల వంచి పోవాలి.
"వెనక చక్రానికి పుల్లలు కావాలి, నలభై."
"ఎంత పొడుగు?" అన్నాడు టీ కప్పు దించకుండా.
మామూలువే, అన్నాను.
"మామూలు చక్రానికి మామూలువి.
నీ హబ్బు ఎక్కడిది, రిమ్ము ఎక్కడిది?
వాటికి ముందే పరిచయం ఉందా?"

లేదు.
రిమ్ము కొత్తది.
హబ్బు జుమ్మెరాత్ బజారు ఇనుప కుప్పలో దొరికింది,
ఇద్దరు కలిసి తొక్కే ఏదో విలాయతీ బండిది,
లోపలి గ్రీజు ఇంకా తేనె రంగులోనే ఉంది.

నేను సర్వే ఆఫీసులో చైన్‌మన్‌ని.
ఇరవై రెండేళ్ళు గొలుసు లాగిన చేతులు, కొలత నాకు కొత్తా?
ఆఫీసు టేపుతో కొలిచి
పాత టీపన్ కాగితం వెనక రాసుకుని పోయాను.
ముర్తజా భాయ్ కాగితం తిప్పి ముందువైపు చూశాడు.
చెరువు గట్టు గీత.
"ఇది కూడా ఈ టేపుతోనే కొలిచారా?"
నవ్వలేదు.
నేను టీ తాగాను.

గట్టు గీత సంగతి నాకు తెలుసు.
మొదటిసారి హద్దురాయి వేపచెట్టుకి అవతల ఉంది,
రెండోసారి ఇవతల.
చెట్టు కదల్లేదు.
నేను గొలుసు చివర పట్టుకుని నిలబడ్డాను,
నిలబడమన్న చోట.
మూడు గుంటలు. గుంటకి నూట ఇరవయ్యొక్క గజాలు.
ఇప్పుడక్కడ లిఫ్టున్న ఇల్లు.
ఎవరికీ టంగుమని వినపడలేదు.

"రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే పుల్ల ట్యూబుని పొడుస్తది.
రెండు తక్కువైతే మరకి పట్టు దొరకదు,
బరువు పడ్డ రోజు ఊడొస్తది.
టేపు నహీ చల్తా, మియా."
నా అరచేతిలో ఇత్తడి కాలిపర్ పెట్టాడు.
"శనివారం తెచ్చియ్యి."

రాత్రి స్టీలు పళ్ళెం బోర్లించి దానిమీద హబ్బు పెట్టాను.
చంద్రకళ ఫోను లైటు పట్టుకుంది.
ఎడమ చెంప, కుడి చెంప.
కుడివైపు పళ్ళచక్రం కూర్చుంటుంది గనక చోటు తక్కువ,
అటు పుల్లలు పొట్టివి, బిగువెక్కువ.
ఎడమవి పొడుగు, కాస్త వదులు.
"సమానంగా లేకపోతేనే మధ్యలో నిలబడుతుందన్నమాట" అంది.
అవును.
ఈ మాట మా ఆఫీసులో ఎవరి చెవినా పడకూడదనుకున్నాను.

ఎడ్లబండి చక్రానికి వీటిని ఆకులనేవాడు మా తాత.
ఆ ఆకులు కుండని కిందనుంచి మోసేవి.
ఈ పుల్ల అలా మోయదు.
నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది.
రెండు చివరలా పట్టి గుంజితే
మనిషినీ, మనిషి సంచినీ, వెనక కూచున్న భార్యనీ
గుంతల మీదుగా ఇంటికి చేరుస్తుంది.

శనివారం.
ఎడమకి రెండొందల తొంభై నాలుగు, కుడికి తొంభై రెండు.
ఇరవై, ఇరవై. తెగేవాటికని చెరో రెండు.
లూధియానా నుంచి రావాలి, పదిహేను రోజులు,
అడ్వాన్సు మూడొందలు.
అంకెలు నాచేతే రాయించి చీటీ నావైపు తోశాడు.
"సంతకం చెయ్. తప్పయితే నాది కాదు, నీది."

ఇరవై రెండేళ్ళలో
నా కొలత కింద నా సంతకం ఎవరూ అడగలేదు.
పెన్ను రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది.

ఖాళీ రిమ్ము గోడమేకుకి వేలాడుతోంది,
దాని నడుమ క్యాలెండరు.
పాలవాడి లెక్క చంద్రకళ అందులోంచే చూస్తోంది.
అప్పటిదాకా నాకు బస్సే.
చెరువు పక్కనుంచి పోతుంది.
లిఫ్టున్న ఇల్లు వచ్చినప్పుడు
కిటికీ చువ్వని వేలితో ఒకసారి మీటి చూస్తాను.
వదులుగా ఉంది.
డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ
గలగలమంటుంది.